ఫోన్ లోపలే పడిన ముడి

రాత్రి పదకొండు గంటలకు ఒకరు ఫోన్‌లో బ్రౌజర్ తెరుస్తారు. చూసిన పేజీల జాబితా మిగలనివ్వని ఇన్‌కాగ్నిటో విండో పెట్టుకుని పిల్లలు పుట్టకపోవడం గురించో, తీరని అప్పు గురించో, పక్కవాళ్లకు చెప్పుకోలేని జబ్బు గురించో చదువుతారు. ఎక్కడా లాగిన్ కారు. కుకీల పెట్టెలో ‘సరే’ నొక్కరు. చదవడం అయ్యాక విండో మూసేసి పడుకుంటారు. ఈ సంగతి తన పేరు మీద ఎక్కడా నమోదు కాలేదన్నది ఆ మనిషి నమ్మకం. 2024 సెప్టెంబర్ నుంచి 2025 జూన్ మొదట్లో వరకు ఆ నమ్మకానికి చాలామంది విషయంలో ఆధారం లేకుండా పోయింది. ఫోన్ ఆండ్రాయిడ్‌ది అయి, అందులో లాగిన్ చేసిన ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ యాప్ ఉండి, చదివిన సైట్‌లో ఆ రెండు యాప్‌ల యజమాని మెటా ఇచ్చే ‘పిక్సెల్’ అనే కోడ్ ఉంటే చాలు. చదివిన పేజీకీ, చదివినవారి అసలు ఖాతాకీ ఫోన్ లోపలే ముడి పడిపోయేది.

ఈ విషయం 2025 జూన్ 3న బయటపడింది. స్పెయిన్‌లోని ఇమ్డియా నెట్‌వర్క్స్, నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం, బెల్జియంలోని కేయూ లూవెన్ పరిశోధకులు కలిసి దీన్ని తవ్వి తీశారు. మెటాతో పాటు రష్యా కంపెనీ యాండెక్స్ కూడా ఇలాంటి పనే చేస్తోందని, అదీ 2017 ఫిబ్రవరి నుంచి చేస్తోందని చూపించారు. ఎనిమిదేళ్లపాటు కోట్లాది ఫోన్లలో నడిచిన వ్యవహారం దాదాపు ఎవరి కంటా పడకపోవడమే ఇందులో అందరికంటే ముందు ఆలోచించాల్సిన విషయం.

ఎందుకు కంటపడలేదో తెలియాలంటే 127.0.0.1 అనే చిరునామా సంగతి తెలియాలి. ప్రతి ఫోన్‌కూ, ప్రతి కంప్యూటర్‌కూ ఈ చిరునామా ఒకటే. దాని అర్థం ‘నేనే’. ఈ చిరునామాకు పంపిన సమాచారం వైఫైలోకి పోదు, సిమ్ కంపెనీకి పోదు, గడప దాటి బయటకే రాదు. ఫోన్‌లో ఉన్న ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు చేరుతుంది, అంతే. ఆ చిరునామాకు 65,535 తలుపులుంటాయి. వాటిని పోర్టులంటారు. ఏ యాప్ అయినా ఒక తలుపు వెనక కూర్చుని, ఎవరైనా తడతారా అని వింటూ ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఇందుకు యాప్‌కు కావాల్సింది ఇంటర్నెట్ వాడుకునే అనుమతి ఒక్కటే. ఆ అనుమతి గురించి ఫోన్ మనల్ని అడగనే అడగదు, కోరిన ప్రతి యాప్‌కూ ఇచ్చేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చేపోయేవాళ్లను చూస్తాడు, రిజిస్టర్‌లో రాయిస్తాడు. ఒక ఫ్లాట్‌లో వంటగది నుంచి హాల్లోకి ఎవరు ఏం అందిస్తున్నారో అతనికి తెలియదు, అది చూడటం అతని పని కూడా కాదు. వీపీఎన్, ఫైర్‌వాల్ లాంటి రక్షణలన్నీ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటివే. ఇక్కడ మాట నడిచింది వంటగదికీ హాలుకూ మధ్య.

మెటా యాప్‌లు లోపల 12387, 12388 టీసీపీ పోర్టుల్లోనూ, 12580 నుంచి 12585 వరకు యూడీపీ పోర్టుల్లోనూ వింటూ ఉండేవి (టీసీపీ, యూడీపీ అనేవి సమాచారం పంపే రెండు పద్ధతులు). యాప్ స్క్రీన్ మీద ఉండాల్సిన పని లేదు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటే చాలు. ఇటు బ్రౌజర్‌లో తెరిచిన సైట్‌లో మెటా పిక్సెల్ ఉంటుంది. ప్రకటనల మీద పెట్టిన ఖర్చు ఫలించిందో లేదో చూసుకోవడానికి సైట్ యజమానులు తమ పేజీల్లో పెట్టుకునే చిన్న కోడ్ అది. అప్పటికి 58 లక్షల సైట్లలో ఉందని అంచనా. ఈ పిక్సెల్ వచ్చిన ప్రతి మనిషికీ ఎఫ్‌బీపీ అనే కుకీలో, అంటే బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైల్లో, ఒక నంబర్ రాసి పెడుతుంది. ఆ నంబర్ 90 రోజులు ఉంటుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ నంబర్ ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది. బట్టల షాపు ఇచ్చిన టోకెన్ నంబర్‌కూ మందుల షాపు ఇచ్చిన టోకెన్ నంబర్‌కూ పొత్తు ఉండదు. రెండు టోకెన్లూ ఒకే మనిషివని ఆ నంబర్లు చూసి చెప్పలేరు. సైటు నుంచి సైటుకు మనిషిని వెంటాడే పాత కుకీలకు బ్రౌజర్లు అడ్డుకట్ట వేసుకుంటూ వచ్చింది ఇందుకోసమే. ప్రకటనల వ్యాపారానికి అడ్డుగా నిలిచిందీ ఇదే.

ఆ అడ్డును దాటడానికి పిక్సెల్ ఏం చేసిందంటే, టోకెన్ నంబర్‌ను 127.0.0.1 చిరునామాకు పంపింది. అక్కడ తలుపు వెనక కూర్చున్న ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ యాప్ దాన్ని అందుకుంది. యాప్‌కు మనిషి పేరు తెలుసు, ఖాతా తెలుసు. అది టోకెన్ నంబర్‌నూ ఖాతా వివరాన్నీ కలిపి మెటా సర్వర్‌కు పంపింది. పిక్సెల్ కూడా అదే టోకెన్ నంబర్‌తో ఫలానా పేజీ చూశారని అదే కంపెనీకి విడిగా చెబుతుంది. రెండు చీటీలూ పక్కపక్కన పెడితే పేరూ, పేజీ చిరునామా కలిసిపోతాయి. ఇన్‌కాగ్నిటో అడ్డు కాలేదు. కుకీలు చెరిపేసినా, ప్రకటనల ఐడీని రీసెట్ చేసినా లాభం లేదు. బ్రౌజర్‌లో ఫేస్‌బుక్‌లోకి ఎన్నడూ లాగిన్ కాకపోయినా అంతే.

పంపిన తీరు కూడా దగ్గరగా చూడాల్సిందే. మొదట్లో వెబ్ పేజీని అడిగే మామూలు హెచ్‌టీటీపీ అభ్యర్థనలా పంపేవారు. కొన్నాళ్లు వెబ్‌సాకెట్ అనే ఇంకో దారి వాడారు. ఆ తర్వాత వెబ్‌ఆర్‌టీసీకి మారారు. వెబ్‌ఆర్‌టీసీ అనేది బ్రౌజర్‌లో వీడియో కాల్స్ మాట్లాడుకోవడానికి పుట్టిన సాంకేతికత. కాల్ కలవడానికి ముందు రెండు వైపులా ఒక చీటీ మార్చుకుంటాయి. ఆ చీటీలో యూజర్‌నేమ్ లాంటి ఒక గడి ఉంటుంది. పిక్సెల్ ఆ గడిలో కుకీ నంబర్‌ను ఇరికించి 12580 వైపు పంపింది. బ్రౌజర్‌లో డెవలపర్లు వాడే మామూలు పరిశీలన పరికరాల్లో ఇది కనబడదు. ఈ చీటీని అలా దిద్దడాన్ని ఆపేస్తామని క్రోమ్ డెవలపర్లు ప్రకటించాక, 2025 మే నెలలో పిక్సెల్ కోడ్‌లో ఇంకో పద్ధతి వచ్చి చేరింది. ఏదో పొరపాటున కోడ్‌లో దొర్లిపోయిన సంగతి ఇలా ఉండదు. ఒక దారి మూసుకుపోతుంటే ఇంకో దారి వెతికారంటే, ఆ కోడ్ రాసినవారికి తాము ఏం చేస్తున్నారో తెలుసన్నమాట.

యాండెక్స్ పద్ధతి ఇంత కష్టపడేది కాదు. పిక్సెల్ లాంటిదే అయిన దాని మెట్రికా కోడ్ సుమారు 30 లక్షల సైట్లలో ఉంది. అది 29009, 29010, 30102, 30103 పోర్టులకు నేరుగా అభ్యర్థనలు పంపేది. మ్యాప్స్, నావిగేటర్ లాంటి యాండెక్స్ యాప్‌లు అవతల వింటూ ఉండేవి. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. ఆ తలుపు వెనక యాండెక్స్ యాప్ మాత్రమే కూర్చోవాలన్న నియమం ఏదీ లేదు. వేరే ఎవరి యాప్ అయినా ముందుగా వెళ్లి కూర్చుంటే, ఆ ఫోన్‌లో తెరిచిన సైట్ల జాబితా దాని చేతికి వస్తుంది. పరిశోధకులు అలాంటి యాప్ ఒకటి నమూనాగా తయారు చేసి చూపించారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడూ దొరికిపోయాయి. 127.0.0.1 వైపు పోయే అభ్యర్థనలను ముందే అడ్డుకుంటున్న బ్రేవ్ బ్రౌజర్ తప్పించుకుంది.

ఐఫోన్‌లలో ఇది జరిగినట్టు పరిశోధకులకు ఆధారం దొరకలేదు. కానీ మన దేశంలో పది ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఏదో ఒకటి లేని ఫోన్ హైదరాబాద్‌లో అయినా, నరసరావుపేటలో అయినా వెతుక్కోవాల్సిందే. కాబట్టి ఇదెక్కడో యూరప్ గొడవ అనుకోవడానికి వీల్లేదు.

మనుషులను గుర్తుపట్టడానికి చుట్టుపక్కల నెట్‌వర్క్‌ను తడిమి చూడటం ప్రకటనల రంగానికి కొత్త కాదు. 2013లో లండన్ నడిబొడ్డున, సిటీ ఆఫ్ లండన్‌లో, రెన్యూ అనే కంపెనీ ప్రకటనల తెరలున్న చెత్తడబ్బాలు పెట్టింది. వాటిలో పన్నెండింటిలో పక్కనుంచి నడిచి వెళ్లేవారి ఫోన్ల వైఫై గుర్తింపు నంబర్లను పట్టే పరికరాలు అమర్చింది. వైఫై ఆన్‌లో ఉన్న ఫోన్ ఊరుకోదు. తెలిసిన నెట్‌వర్క్ దగ్గర్లో ఉందా అని మాటిమాటికీ కేకేస్తూ ఉంటుంది. అప్పట్లో ఆ కేకలో ఆ గుర్తింపు నంబర్, అంటే ఫోన్ మ్యాక్ అడ్రస్, కూడా ఉండేది. చెత్తడబ్బా దాన్ని రాసుకునేది. సంగతి పత్రికల్లోకి రాగానే ఆగస్టులో నగర పాలక సంస్థ ఆపేయమంది. తర్వాత 2014లో ఐఓఎస్ 8తో ఐఫోన్లు, ఆపై ఆండ్రాయిడ్ ఫోన్లు వెతికేటప్పుడు తప్పుడు మ్యాక్ అడ్రస్ చెప్పడం నేర్చుకున్నాయి.

అమెరికాలో విజియో టీవీల వ్యవహారం 2017లో బయటకొచ్చింది. కోటీ పది లక్షల టీవీల్లో ఏం చూస్తున్నారో కంపెనీ పట్టేసి అమ్ముకుందని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. చూసిన కార్యక్రమాలతో పాటు ఇంటి ఐపీ అడ్రస్, దగ్గర్లో ఉన్న వైఫై పరికరాల వివరాలు కూడా తీసుకున్నారని ఫిర్యాదులో ఉంది. 22 లక్షల డాలర్లు కట్టి కేసు ముగించుకున్నారు.

మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరుదే. అక్కడ పుట్టిన ఇన్‌మోబి మొబైల్ ప్రకటనల్లో పెద్ద సంస్థ. వంద కోట్లకు పైగా ఫోన్లకు దాని ప్రకటనలు చేరేవని అదే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 జూన్‌లో చెప్పింది. కేసు లొకేషన్ గురించి. తాను ఎక్కడున్నానో చెప్పనని ఫోన్ యజమాని అనుమతి నిరాకరించినా, ఇన్‌మోబికి తెలిసిపోయేదన్నది ఆరోపణ. ఆ పని జరిగిన తీరు తేలికే. లొకేషన్ చూడటానికి ఒప్పుకున్న కొందరి ఫోన్ల నుంచి రెండు సంగతులు వచ్చేవి: ఆ ఫోన్ ఎక్కడుందో, దాని చుట్టూ ఏ ఏ వైఫై రూటర్లు ఉన్నాయో. వాటిని కలిపితే ఫలానా గుర్తింపు నంబరున్న రూటర్ ఫలానా వీధిలో ఉందన్న పట్టిక తయారవుతుంది. ఇక లొకేషన్ వద్దన్న మనిషి ఫోన్ చుట్టూ ఏ రూటర్ ఉందో చూస్తే చాలు, పట్టికలో వీధి దొరుకుతుంది. అంటే ఆ మనిషి ‘వద్దు’కు పక్కింటివారి ‘సరే’ గండి కొట్టింది.

ఇందులో పిల్లల యాప్‌లు కూడా ఉండటంతో 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. కంపెనీ ఆర్థిక స్థితి చూసి చివరకు 9,50,000 డాలర్లు కట్టించుకున్నారు. ఇరవై ఏళ్లపాటు రెండేళ్లకోసారి బయటివారి తనిఖీ ఉండాలన్నారు. జరిమానా అంకెల కన్నా ఆ పట్టిక సంగతే ఎక్కువ గుర్తుంచుకోవాలి. అనుమతి అనేది ఎవరిది వారిదని చట్టాలన్నీ అనుకుంటాయి. నెట్‌వర్క్ అలా అనుకోదు. ఒకరి వివరం పక్కవారి ఫోన్ నుంచి వస్తుంది, అద్దెకున్నవారి అలవాట్లు ఇంటి ఓనర్ పెట్టించిన రూటర్ నుంచి తెలుస్తాయి.

ప్రకటనల కోసం కాకుండా మోసాలు పట్టడానికి ఇదే పని చేసేవారూ ఉన్నారు. 2020 మేలో ఈబే సైట్ తెరిచిన విండోస్ కంప్యూటర్లలో ఒక స్క్రిప్టు 14 పోర్టులను తట్టి చూస్తోందని బయటపడింది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389, వీఎన్‌సీ వాడే 5900 వాటిలో ఉన్నాయి. కంప్యూటర్‌ను దూరం నుంచి ఎవరైనా ఆడిస్తున్నారా అన్నది చూడటం దాని ఉద్దేశం. స్క్రిప్టు థ్రెట్‌మెట్రిక్స్ అనే మోసాల నివారణ సేవది. బ్యాంకు ఆఫీసర్నని ఫోన్ చేసి, స్క్రీన్ షేర్ యాప్ వేయించి, ఖాతా ఊడ్చేసే ముఠాల గురించి మన పేపర్లలో రోజూ చదువుతున్నాం. అలాంటివారిని పట్టే పరీక్షను తప్పనలేం. అయినా అడగకుండా, చెప్పకుండా చేయడం వల్ల ఒక అలవాటు పడిపోయింది. సైట్ తెరిచిన మనిషి కంప్యూటర్ లోపలికి చేయి పెట్టడం మామూలే అన్న అలవాటు అది. ఏ తలుపు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్న జాబితా ఒక్కో కంప్యూటర్‌కూ ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మంచి పనికి తీసిన ఆ వివరమే మనిషిని గుర్తుపట్టే వేలిముద్రగానూ పనికొస్తుంది.

మూసిన తలుపు, తెరిచిన తలుపు తేడా బయటి సైట్‌కు ఎలా తెలుస్తుందనే ప్రశ్న రావచ్చు. బయటి సైట్ లోపలి సమాధానాన్ని చదవకుండా బ్రౌజర్ ఆపుతుంది. కానీ తట్టడాన్ని ఇన్నాళ్లూ ఆపలేదు. ఎవరూ లేని తలుపు తడితే ‘లేదు’ అని వెంటనే వస్తుంది, వెనక ఎవరైనా ఉంటే సమాధానం రావడంలో తేడా కనిపిస్తుంది. ఆ కాస్త సమయం తేడాను కొలిస్తే సరిపోతుంది.

మరి ఆ తట్టడాన్నే మూసేయొచ్చు కదా అంటే, అంత తేలిక కాదు. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టే అకౌంటెంట్లను అడిగితే ఎమ్‌సైనర్ తెచ్చే టెన్షన్ గురించి చెబుతారు. సంతకం తాళం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, పోర్టల్ బ్రౌజర్‌లో ఉంటుంది. రెంటినీ కలపడానికి ఎమ్‌సైనర్ 127.0.0.1లో 1585 పోర్టు దగ్గర వింటూ ఉంటుంది. గడువు రోజు సాయంత్రం అది కలవకపోతే రిటర్న్ ఆగిపోతుంది. ప్రింటర్ సెట్టింగులు, రూటర్ పేజీలు కూడా ఇలాంటి లోపలి చిరునామాలతోనే నడుస్తాయి. అందరికీ మూసేస్తే ఈ పనులన్నీ ఆగుతాయి. అందుకే మిగిలిన దారి అడగడమే. ఫలానా సైట్ లోపలి తలుపు తడతానంటోంది, తట్టనివ్వాలా అని.

ఆపిల్ 2020లో ఐఓఎస్ 14తో ఇలా అడగడం మొదలుపెట్టింది. యాప్ ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతకాలంటే అనుమతి తీసుకోవాలి. 2025 జూన్‌లో సంగతి బయటపడటానికి కొద్దిరోజుల ముందే, మే చివర్లో వచ్చిన క్రోమ్ 137వ వెర్షన్‌లో మెటా వాడిన పోర్టులకూ, చీటీ దిద్దే పద్ధతికీ అడ్డుకట్ట పడింది. అదే ఏడాది చివర్లో బయటి సైట్లు ఇంటి నెట్‌వర్క్‌నో, ఫోన్ లోపలి చిరునామానో తాకాలంటే క్రోమ్ అడిగే ఏర్పాటు వచ్చింది. ఇది మంచి మార్పు. కాకపోతే ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పే మనిషికి సంగతి అర్థమయ్యేలా ఉండాలి. రోజుకు పది సైట్లలో ‘సరే’ నొక్కడానికి అలవాటు పడిన వేలు పదకొండోసారి ఆగుతుందన్న ధీమా లేదు. వార్తలు చదివే సైట్, రెసిపీల సైట్, పెళ్లిసంబంధాల సైట్ ఇంట్లో ఉన్న పరికరాలను వెతుకుతామంటే ‘వద్దు’ అనడమే సరైన జవాబు. వాటికి మన ప్రింటర్‌తో పని లేదు.

ఇంటి నెట్‌వర్క్‌లో బయటపడే వివరాలు చిన్నవి కావు. టీవీ, స్పీకర్, కెమెరా, ప్రింటర్ ఒకదాన్నొకటి కనుక్కోవడానికి తమ పేర్లు చెప్పుకుంటూ ఉంటాయి. ఆ పేర్లలో చాలాసార్లు మనుషుల పేర్లే ఉంటాయి. ఫోన్ కొన్నప్పుడు పెట్టిన ‘ఫలానావారి ఐఫోన్’, ఇంటిపేరుతో పెట్టుకున్న వైఫై, ‘అమ్మ గది టీవీ’. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఒక ఉచిత ఫ్లాష్‌లైట్ యాప్ ఈ పేర్లు వింటే ఇంట్లో ఎందరున్నారో, ఎవరి దగ్గర ఏ ఖరీదైన వస్తువుందో తెలిసిపోతుంది. ఫోన్ పేరు మార్చుకోవడం ఒక నిమిషం పని. టీవీకీ, కెమెరాకీ రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి విడదీయడం పావుగంట పని. రెండూ చేయదగినవే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కావాలనుకునేవారు యాప్‌లు తీసేసి బ్రౌజర్‌లోనే చూసుకుంటే, లోపల తలుపు వెనక కూర్చునేవారే ఉండరు.

చట్టం వైపు చూస్తే, మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలని చట్టం అంటుంది. 18 ఏళ్ల లోపువారిని వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని, ఆ బాధ్యత మీరితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయొచ్చని కూడా అంటుంది. 12580 పోర్టుకు పంపిన నంబర్‌కు ఎవరూ ఏ సమ్మతీ అడగలేదు. పరిశోధకులు పేరున్న లక్ష సైట్లను పరీక్షిస్తే, పిక్సెల్ లోపలి చిరునామాను తట్టినవి 15 వేలకు పైగా తేలాయి. వాటిలో నాలుగింట మూడు వంతుల సైట్లు కుకీలకు ఏ జవాబూ చెప్పక ముందే తట్టాయి. ఏ దేశపు సమ్మతి నియమానికైనా ఇది నిలవదు.

బయటపడ్డాక మెటా ఆ పని నిలిపేసింది. గూగుల్ నియమాల విషయంలో అపార్థం ఏదైనా ఉందేమోనని ఆ సంస్థతో మాట్లాడుతున్నామంది. యాండెక్స్ కూడా ఆపేస్తామని, తాము ఎవరి గుర్తింపునూ బయటపెట్టలేదని చెప్పింది. గూగుల్ మాత్రం ఇది తమ భద్రత, గోప్యత సూత్రాలను బాహాటంగా ఉల్లంఘించడమేనని తేల్చింది.

ఈ వ్యవహారంలో ఎవరూ పెద్దగా తలచుకోనివారు సైట్ల యజమానులు. క్లినిక్ వారో, కోచింగ్ సెంటర్ వారో, చీరల దుకాణం వారో ప్రకటనల లెక్క కోసం పిక్సెల్ పెట్టుకుంటారు. తమ గుమ్మంలో నిలబడి అది వచ్చినవారి ఫోన్ లోపలి తలుపులు తడుతోందని వారికి చెప్పినవారు లేరు. కొందరు గమనించారు కూడా. 2024 సెప్టెంబర్‌లోనే తమ సైట్‌లోని పిక్సెల్ 127.0.0.1 వైపు ఎందుకు వెళ్తోందని మెటా డెవలపర్ల వేదికలో అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబు రాలేదు. తొమ్మిది నెలల తర్వాత, పరిశోధన బయటికొచ్చిన రోజున, పిక్సెల్ ఆ కుకీని లోపలికి పంపడం మానేసింది. పంపే కోడ్‌ను దాదాపు పూర్తిగా తీసేశారు.